బియ్యం డ్రమ్ములో నీ సీసాలు

చిన్నోడా,

రేపు నీ సంవత్సరీకం. "మందు సీసాలు ఇంట్లో ఉండాయంటే అయ్యవారు గడప తొక్కడు," అని మీ అవ్వ నీ సీసాలన్నీ గేటు బయట పెట్టించింది. అవి నువ్వు సరదాగా పోగేసినవి, తెల్లదొరల కాలం యుద్ధంలో సిపాయిలకిచ్చిన పాత బీరు సీసాలని చెప్పినా వినలేదు. చెత్త బండి పాట వినబడగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

"ఖాళీ సీసాలకు ఇంత భయమేందమ్మా?" అని బండివాడు నవ్వినాడు. బళేపేట పాతసామాన్ల అంగళ్ళ నుంచి నువ్వు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవని వాడికేం తెలుసు? ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకున్నాను.

వాటిని డ్రమ్ములో పెట్టి పైన బియ్యం పోశాను. రేపు నీ పిండానికి ఆ బియ్యమే తీయాలి. ఎవరి చెయ్యి సీసాకు తగులుతుందో ఏమో. అందుకే వంటింట్లోకి ఎవరినీ రానివ్వను. అన్నం నేనే వండుతాను, వడలు కూడా చేస్తాను. కడుపు నిండా తిను నాయనా.