‘మనం’ దగ్గర ఆగిపోతాడు

గయాక్,
నవంబరు 9, 2003

ప్రియమైన ఆన్సెల్మ్‌కు,

మీ వదిన ఒడెట్ ఆశీస్సులు. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కవరు మీద నా చేతిరాత చూసి చించిపారెయ్యకు.

మీ నాన్న వేసిన ద్రాక్షతోటను మీ అన్న ఫెలిక్స్ పీకించినప్పటి నుంచి మీ అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడు మీ అన్నకు ఎవరితోనూ మాటల్లేవు. ఆగస్టులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ నోరూ పడిపోయాయి. నా పేరు కూడా రాదు. రొట్టె కావాలన్నా వేలు చూపించడమే.

మాట నేర్పడానికి క్లెమాన్స్ అని ఒకమ్మాయి వస్తోంది. పారిస్ పిల్ల, సగం అక్షరాలు మింగేస్తుంది. బొమ్మలు చూపించింది, పాటలు పాడించబోయింది. ఉలుకూ పలుకూ లేదు. మంగళవారం విసుగొచ్చి, పోనీ బళ్ళో బల్ల మీద దరువేస్తూ క్రియలు వల్లించేవారుగా ఫెలిక్స్ గారూ, అదైనా అనండి అంటూ, ‘మాట్లాడతాను’ అనే మాటకి ‘జ్‌పార్ల్’ అని ఒక్క దెబ్బ కొట్టింది.

నా చేతిలో సూపుగిన్నె జారిపడింది, ఆన్సెల్మ్! మీ అన్న ఎడంచేత్తో బల్ల కొడుతూ, ‘జ పార్-ల, త్యు పార్-ల, ఇల్ పార్-ల’ అన్నాడు. అదే గొంతు. మనవైపు పలికినట్టే, చివరి అక్షరానికీ ఒక దెబ్బ వేసి మరీ. పైగా అక్షరాలు మింగడానికి నీకేం మాయరోగం అన్నట్టు ఆ పిల్లను ఒక చూపు చూశాడు. పెళ్ళాం పేరు పలకలేని మనిషి! ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

కానీ నేను, నువ్వు, అతను వరకే. ‘మనం మాట్లాడతాం’ దగ్గరకు రాగానే ఆగిపోయి పక్కకు చూస్తాడు. రోజూ ఇదే వరస. మిగతాది మెదడులో చెరిగిపోయి ఉంటుందంది క్లెమాన్స్. నేనూ తలూపాను.

సంగతి తెలియాలని రాశాను, అంతే. రమ్మని అడగను. నీ పంతం నాకు తెలుసు.

ఇట్లు,
మీ వదిన
ఒడెట్

తా.క.: రమ్మని అడగనన్నది అబద్ధం. కవరు అంటించబోతూ, ‘మనం’ నుంచి మిగతాది నేనే అందిద్దామని ‘ను పార్...’ అన్నానో లేదో, ఎడంచేత్తో నా నోరు మూసేశాడు. గట్టిగా. అప్పుడు గుర్తొచ్చింది. వెర్దియే టీచరుగారి తరగతిలో మీ వెనక బెంచీ నాదే కదా. బెంచీలో ఎడమవాడు మొదటి సగం, కుడివాడు మిగతా సగం అప్పజెప్పాలి. పక్కవాడి వంతు ఇంకెవరు అందుకున్నా బెత్తం దెబ్బే. మీ ఇద్దరిదీ ఒకే బెంచీ, ఎడమవైపు మీ అన్న. మీ అన్న ఏమీ మర్చిపోలేదు, ఆన్సెల్మ్. నీ వంతు కోసం ఆగుతున్నాడు.