నాన్న మడత చాకు

నాన్నా,

ఈ పొద్దున నీ మడత చాకు తెరిస్తే, పిడి సందులో ఎండిన జామగింజ కనబడింది. తీయలేదు.

నువ్వు పోయి నేటికి ఏడాది. లైబ్రరీలో పుస్తకాల కట్టలు విప్పడానికి దీన్ని రోజూ వెంట తీసుకెళ్లవచ్చా అని చూస్తున్నాను. పదును బాగానే ఉంది. కానీ బరువు ఎక్కువ, తెరవడానికి నాకు రెండు చేతులూ కావాలి.

మొన్న పదును పెట్టించడానికి తీసుకెళ్తే, గద్వాలలో సానపట్టే తాత నవ్వాడు. "గింత పెద్దది నీకెందుకు బిడ్డా? ఇది నాకిచ్చి చిన్నది తీస్కపో."

ఇవ్వలేదు. సానపట్టాక ఆయన కూడా నీలాగే చాకును బల్ల మీద పెట్టాడు. "చేతికిస్తే మనిద్దరికి కొట్లాటైతది, ఆడ పెడ్త తీస్కో" అనేవాడివి నువ్వు.

చివరి రోజు దవాఖానలో మాత్రం దాన్ని నా చేతిలోనే పెట్టావు.