కాగితాల మధ్య కొండగోగు

బుజ్జి నాన్నా,

ఇవాళ నీ మొదటి మాసికం. పొద్దున్నే ఏలూరు నుంచి మీ బోటనీ మాస్టారు వచ్చారు. నువ్వు జ్వరంతోనే కొండల నుంచి తెచ్చి, కాగితాల మధ్య పెట్టి తిరగలి కింద అదిమిన కొమ్మని మద్రాసులో ఎండిన మొక్కలు దాచే చోటికి పంపాలట. “కొండగోగు. ఆకుల్లేవు, పూలు లేవు” అని చీటీ మీద నీ చేతిరాత.

తిరగలి దించి కాగితాలు విప్పితే, లోపల పసుపుపచ్చ పువ్వు విచ్చుకుని ఉంది నాన్నా.

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“అదిమేముందు మీవాడు మరిగే నీళ్లలో ముంచలేదు కాబోలండీ. ముంచకపోతే ఈ కొమ్మ చావదు. ఇప్పుడు ముంచుదామండీ, అమ్మగారూ.”

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నేను అందులో బియ్యం పోసేశాను.

కొమ్మని పెరట్లో పాతాను. దాని పక్కనే విస్తరి వేశాను. వేడిగా ఉండగానే కడుపునిండా తిను.