ఊపిరి తీసుకునే చోటు

నాయనా,

నీకు చదువు రాదు. నువ్వు ఉన్నప్పుడైనా నా ఉత్తరం ఇంకెవురో చదివి చెప్పాల్సిందే. ఇప్పుడు అదీ లేదు, అయినా రాస్తా ఉండాను.

నువ్వు పోయినంక తిరుపతికొచ్చి ఈ చిన్న కాలేజీలో చేరినాను. పొద్దున ఇంగ్లీషు, లెక్కలు చెప్తారు. మధ్యాహ్నం నాగస్వరం. నాతో ఎవురూ పెద్దగా మాట్లాడరు.

నీ మాదిరి పక్కన కూసోని శృతికి ఒత్తు ఊదేవాళ్ళు ఈడ లేరు. శృతిపెట్టె ఉండాది. తిత్తి ఆడిస్తా ఉంటే అదే పలకతా ఉంటాది. దానికి ఆయాసం రాదు, ఆకువక్క అడగదు.

ఈ పొద్దు పరీక్ష. అయ్యవార్ల ముందర తోడి రాగం ఎత్తుకున్నాను. బాగానే వస్తా ఉండింది. పై షడ్జం కాడికి పోయి ఆగిపోయినాను.

"ఏమప్పా, మర్సిపోయినావా?" అన్నాడు మా అయ్యవారు.

"అవును సామీ" అన్నాను.

మర్సిపోలేదు నాయనా. కాళాస్తిలో ఏటి ఇసకలో మనం సాధకం చేసేటప్పుడు, సరిగ్గా ఆడికొచ్చేసరికి నీకు దమ్ము చాలేది కాదు. నువ్వు ఊపిరి తీసుకునేదాకా నేను ఆగేవాణ్ణి. మళ్ళా నీ ఒత్తు వినపడినాకనే ఎత్తుకునేవాణ్ణి. ఈ పొద్దు గూడా అట్లే ఆగినాను. పెట్టె మాత్రం పలకతానే ఉండింది.

రేపు మళ్ళా వాయించమన్నారు, యాడా ఆగకుండా.