వృత్తి: డ్రైవరు

ప్రియమైన మేనల్లుడికి,

ఈ ఉత్తరం మానేద్దామనే అనుకున్నాను. రాయడానికి ఏముంది? నీ క్లినిక్కుకు తాళం. అయినా జనం వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారు, కంపౌండరుగా నాకు తెలిసిన మందేదో కలిపిస్తున్నాను. నిన్ను యుద్ధానికి తీసుకెళ్లి లారీ తోలిస్తున్నారని విని పక్కింటి ముసలావిడ, "డాక్టరు లారీ తోలితే కంపౌండరు విమానం నడుపుతాడా?" అంది. విమానమంటే గుర్తొచ్చింది, నా చిన్నప్పుడు ఒకటి కూలిందని వీధంతా పరిగెత్తాం. తీరా చూస్తే గాలిపటం! ఏం చెబుతున్నాను? ఆఁ, లారీ. తోలితే తప్పేంట్రా? బతికుంటే బలుసాకు తినొచ్చు. పైవాళ్లతో పేచీ పెట్టుకోకు.

నీ మేలు కోరే
మామయ్య

ప్రియమైన మామయ్యకు,

పేచీ పెట్టుకున్నాను. అధికారి నా ఫారం తీసి చూపించాడు. వృత్తి గడిలో 'డ్రైవరు' అని ఉంది, ముత్యాల్లాంటి నీ అక్షరాలతో. నా కోడిగీతలు ఎవరికీ అర్థం కావని నువ్వే నింపావుగా! "ముసలాయన డాక్టరు రాయబోయి డ్రైవరు రాశాడండీ" అని నవ్వేశాను.

మొన్న నా లారీలో ఉన్న సిపాయికి గజ్జల్లో తూటా తగిలింది. అక్కడ బిగించి కట్టడానికి వీల్లేదు, వేలితో నొక్కి పట్టాలి. నొక్కితే లారీ కదలదు, తోలితే రక్తం ఆగదు. గంటసేపు నొక్కాను. ఎవరూ రాలేదు. తోలాను. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి పోయాడు.

ఆ ఆసుపత్రి మీదా గుండ్లు పడుతున్నాయి. డాక్టర్లు ఇద్దరే మిగిలారు. నన్ను అక్కడికి మారుస్తామన్నారు, కానీ ఫారం నింపినవాడే తప్పు ఒప్పుకుని కాగితం రాయాలట. వెంటనే పంపు.

నీ మేనల్లుడు

ప్రియమైన డాక్టరుకి,

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఇంకెవరిని మోసుకొచ్చావో అడిగే ధైర్యం లేదు.

అది పొరపాటు కాదురా. ఫారాలు నింపేచోట వరసలో నా వెనకాయన అన్నాడు, డాక్టర్లను ముందుకు తోస్తారు, డ్రైవర్లు వెనకాల బియ్యం మోసుకుంటారు అని. నమ్మాను. ముప్పై ఏళ్లలో ఏ సీసాకీ తప్పు చీటీ అంటించలేదు. నీకే అంటించాను.

కాగితం ఇందులోనే ఉంది. 'పొరపాటున' అని రాసి, కొట్టేసి, 'తెలిసే' అని రాశాను. నన్నేం చేసుకుంటారో చేసుకోనీ. నువ్వూ తిట్టు. కానీ రాయి.

మామయ్య

తా.క. జిగురు ఎండిపోయింది. కవరు అంటించడానికి కాస్త మైదా ఉడకబెడుతున్నాను.