తిప్పే బటన్ ఉన్న స్పీకర్లు

జూలై 2

స్పీకర్లు అనగానే నీకు పాటలే గుర్తొస్తాయి. ఈ డైరీ ఎవరి చేతిలో పడినా ముందు ఈ మాట చదవాలి: తప్పు నీదే.

కిషన్‌బాగ్‌లో మా రీడింగ్ రూమ్‌కి ఎవరో పాత కంప్యూటర్ ఇచ్చారు. సౌండ్ లేదు. స్పీకర్లు బయట కొని తగిలించుకోవాలట. కమిటీలో అడిగాను. ఆగయ్య నవ్వాడు. ఏందన్నా, ఇరవై ఏండ్ల సంది మైకుల లొల్లి మీద వ్యాసాలు రాస్తివి, ఇప్పుడు నువ్వే డీజే పెడ్తవా అన్నాడు. గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డు చూపించాడు. అది రాసిందీ నేనే.

పాటలకు కాదు, సుజనకు. మా బస్తీ డానియేలన్న బిడ్డ. ప్రభుత్వ ఆఫీసులో పదకొండేళ్ళుగా టైపిస్టు. నిరుడు చూపు పూర్తిగా పోయింది. ఈ నెల 19న కంప్యూటర్ మీద పని చేసి చూపించాలి. లేకపోతే ఆ సీటు పోయి వరండాలో స్టూలు మిగులుతుంది. స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. మూగ కంప్యూటర్ మీద ప్రాక్టీస్ ఎలా? చట్టం ఆమె వైపే ఉంది. అది కూడా నోరు విప్పదు.

జూలై 4

కమిటీ రాజీ: హెడ్‌ఫోన్స్. నాకూ సబబే అనిపించింది. సుజన అయిదు నిమిషాల్లో తీసేసింది. చెవులు మూస్తే ఎవరొచ్చిన్రో, వెనక ఎవరు నిలబడ్డరో తెల్వదు కాకా, ఇగ నాకు మిగిలేదేంది అంది.

వాదించాను. ప్రైవసీ అన్నాను. నీకు కండ్లున్నయి గనక చెవులు మూసుకుంటవు అంది.

బోర్డు తీసేయాలని తీర్మానం పెట్టాను. ఆరు ఓట్లు ఇటు, నాలుగు అటు. బోర్డు దిగింది.

జూలై 7, మధ్యాహ్నం

సంతోష్‌నగర్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణం. గానేకే వాస్తే హై క్యా భాయ్‌సాబ్, పాటలకేనా అన్నాడు దుకాణాదారు. ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆ కోపంలోనే అన్నిటికన్నా పెద్దది తెచ్చాను. వూఫర్ పెట్టె, రెండు స్పీకర్లు, నీలం లైట్లు. బస్తీ మొత్తానికి వినపడాలి.

జూలై 8

వినపడింది.

వూఫర్ ప్రతి మాట కిందా డప్పు కొడుతోంది. గొంతు నీళ్ళ డ్రమ్ములోంచి వస్తున్నట్టుంది. వాల్యూమ్‌కు టచ్ బటన్లు, వేలికి ఏమీ తగలదు. తడిమితే ఒకసారి ఆగిపోయింది, ఇంకోసారి ఎఫ్ఎం మొదలైంది. లైట్లు ఎవరికి కాకా అంది సుజన. నవ్వుతూనే.

డానియేలన్న నవ్వలేదు. వంద మీటింగులు పెడ్తవు బాల్‌రాజ్, కొనేముందర బిడ్డను ఒక్క మాట అడగరాలేదా అన్నాడు.

జూలై 9

అడగలేదు.

జూలై 11

సుజన, నేను కలిసి అదే దుకాణానికి వెళ్ళాం. మేడమ్‌కు ఏ కలర్ కావాలె అని దుకాణాదారు నన్నడిగాడు. నన్నడుగు భాయ్, నాకు అన్ని కలర్లు ఒక్కటే అంది సుజన. అతను పాట పెట్టబోతే వద్దంది. కౌంటర్ మీది కంప్యూటర్లో తన సాఫ్ట్‌వేర్ పెట్టించింది.

ముందు బ్లూటూత్ స్పీకర్ ఇచ్చాడు. గొంతు శుభ్రంగా ఉంది. కానీ కాసేపు ఊరుకుంటే అది నిద్రపోతుంది. లేచేసరికి మొదటి మాట మింగేస్తుంది. 'డిలీట్ చేయాలా' అని కంప్యూటర్ అడిగితే 'చేయాలా' ఒక్కటే వినిపించింది. ఏం చేయాల్నో నువ్వొచ్చి చెప్తవా భాయ్ అంది.

చివరికి కింది అరలోంచి దుమ్ము పట్టిన చిన్న జత తీశాడు. వైరుది. పాత మోడల్, ఎవరూ అడగరు మేడమ్ అన్నాడు. ముందు భాగంలో తిప్పే బటన్. సుజన తిప్పింది. టక్కుమంది. గిదే అంది.

వూఫర్ వాపసు తీసుకున్నాడు. నాతో వాదన పెట్టుకోలేదు.

జూలై 15

రోజూ రెండు గంటలు. ఆగయ్య ఇప్పుడు పేపరు పైకే చదువుతున్నాడు.

జూలై 19, సాయంత్రం

ఆఫీసు కంప్యూటర్‌కూ సౌండ్ లేదు. ఇంకో తేదీ ఇస్తామన్నారట. సుజన బ్యాగులోంచి ఆ చిన్న స్పీకర్ల జత తీసి, వెనక తడిమి, తనే పిన్ను పెట్టిందట. సాఫ్ట్‌వేర్ చేత ఆమె చదివించే స్పీడు మన చెవికి అందదు. అధికారి, ఏం చెప్తున్నదమ్మా అది అన్నాడట. మీరిచ్చిన లెటర్లో రెండు తప్పులున్నయని చెప్తున్నది సార్ అందట.

సీటు ఉంటుంది. కాకపోతే పక్కవాళ్ళకు డిస్టర్బెన్స్, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలన్నారట.

నాలుగు పేజీల ఖండన రాసి చదివి వినిపించాను. మస్తున్నది కాకా, పేపర్లో వేసుకో, నాది నేను టైప్ చేసుకుంట అంది.

జూలై 22

ఆమె ఆఫీసులో ఇచ్చిన కాగితం. ఒక్క అక్షరం నేను దిద్దలేదు.

1. నా పాత సీటే నాకు ఉండాలి.
2. స్పీకర్లు ఆఫీసే కొనాలి. కొనేటప్పుడు నన్ను తీసుకుపోవాలి.
3. వాల్యూమ్‌కు తిప్పే బటన్ ఉండాలి.
4. సౌండ్ ఎక్కువైతే నాకు చెప్పాలి. ఎవరూ ముట్టుకోవద్దు.
5. హెడ్‌ఫోన్స్ పెట్టుకోను.
6. నా వెనక వచ్చి నిలబడేవాళ్ళు పేరు చెప్పాలి.