ఒకటికి తక్కువ చెల్లదు

జూన్ 4, సాయంత్రం
మా ఆస్పత్రి పసిపిల్లల వార్డు డేటా చూస్తే తల తిరిగింది. ఒక పాప బరువు 2900 కిలోలట! కిలోల గడిలో గ్రాములు కొట్టి చేతులు దులుపుకున్నారు. ఒకటికి తక్కువ, ఆరుకు ఎక్కువ చెల్లదని నేను రాసిన జాంగో ప్రోగ్రామ్‌లో అంకెల్ని తనిఖీ చేసే వాలిడేటర్ పెట్టాను కదా. అయినా దర్జాగా సేవ్ అవుతోంది. ఒళ్లు మండుతోంది.

జూన్ 5
దొరికింది. save() పిలిస్తే జాంగో వాలిడేటర్ల మొహం కూడా చూడదు. తనిఖీ చేయించే full_clean() మనమే పిలవాలి. గేటు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టి, లేపితేనే లేస్తాడంటే ఎలా! save()లోనే దాన్ని పిలిచేశాను.

జూన్ 6
మేనేజర్ శభాష్ అన్నాడు. ఇక చెత్త రాదు.

జూన్ 11
అక్కకి నెలలు నిండకుండానే కాన్పయింది. మా ఆస్పత్రిలోనే. పాప నా అరచేయంత ఉంది. అద్దం ఇవతల నుంచి చూసి ఏడ్చేశాను. బావ పక్కనే ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు.

జూన్ 12, మధ్యాహ్నం
పాప బరువు 740 గ్రాములు. సిస్టమ్‌లో మాత్రం 1.0. ఇదేంటని వార్డు నర్సుని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కిలో లేని పిల్లల్ని మీ కంప్యూటర్ పిల్లలే కాదంటోంది బాబూ, ఎర్రగా అరుస్తోంది, ఎంట్రీ పడకపోతే మందు రాదు, అందుకే బుజ్జివాళ్లందరికీ ఒకటి కొట్టేస్తున్నాం అంది. మరి డోసు సంగతేమిటన్నాను. మీ కంప్యూటరే ఆ ఒకటితో లెక్కకట్టి చీటీ ఇస్తుంది, పెద్ద డాక్టరుగారు పెన్నుతో కొట్టేసి తగ్గిస్తారు అంది.
నిన్న ఆయన సెలవు. కొత్త డాక్టరు చీటీలో ఉన్నంతా పాపకి వేయించాడు.


జూన్ 12, సాయంత్రం
పెద్ద డాక్టరు వచ్చి డోసు తగ్గించారు. కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నారు.
హద్దు తీసేస్తానంటే మేనేజర్ అరకిలో పెట్టమన్నాడు. అంతకన్నా చిన్నవాళ్లు పుడితేనో అన్నాను. అప్పుడు చూద్దాంలే అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంట్రీని ఆపకుండా, ఈ బరువు నిజమేనా అని సిస్టమ్ ఒక్కసారి అడిగేలా మార్చేశాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

జూన్ 13
ఆ హద్దు పెట్టింది నేనేనని అక్కకి చెప్పాను.  మిగతా పిల్లల సంగతి చూశావా అని అడిగింది.
చూడలేదు. మా పాప ఒక్కతే గుర్తుంది నాకు.

జూన్ 14
నర్సుతో కలిసి ఒక్కో ఉయ్యాల దగ్గరికీ వెళ్లి బరువులన్నీ సరిచేశాను. ఒక తల్లి నన్ను డాక్టరనుకుని దండం పెట్టింది.

జులై 16
పాప బరువు 1.0 అని నర్సు చెప్పింది. నమ్మలేదు. కాటా మీద మళ్లీ పెట్టించి, నా కళ్లతో చూశాను.